వంశంలో వచ్చిన వైరస్

"మా వంశంలో ఎవరికీ హెచ్‌ఐవీ లేదు మేడమ్, నాకెలా వచ్చింది?"

మాట్లాడుతున్నంతసేపూ ఆయన మాత్రల డబ్బా చేతిలో తిప్పుతూనే ఉన్నారు. లోపల 30 మాత్రలు గలగలమంటున్నాయి.

హెచ్‌ఐవీ వంశంలో వచ్చేది కాదండీ అని చెప్పాను. అది నిజమే. కానీ ఇంటికొచ్చినా "వంశం" అన్న మాట నన్ను వదల్లేదు.

మనందరి డీఎన్‌ఏలో దాదాపు 8 శాతం, లక్షల, కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకులకు సోకి, వంశపారంపర్యంగా మనదాకా వచ్చిన రెట్రోవైరస్‌ల (తమ జన్యువులను కణం డీఎన్‌ఏలో కలిపేసే వైరస్‌ల) అవశేషాలే. హెచ్‌ఐవీదీ అదే కుటుంబం. అది కణంలో చేరాక, నిద్రపోతున్న హెర్వ్-కె అనే పాత వైరస్ జన్యువులు మేల్కొంటాయి. ల్యాబ్ ప్రయోగాల్లో ఆ పాత వైరస్ నిర్మాణానికి పనికొచ్చే గ్యాగ్ అనే ప్రొటీన్, కొత్తగా తయారయ్యే హెచ్‌ఐవీలో కలిసిపోయి దాని సోకే శక్తిని తగ్గించింది. మనిషి ఒంట్లోనూ ఇంత మేలు చేస్తుందా అన్నది ఇంకా తేలలేదు.

అయినా ఎంత ఆశ్చర్యం! ఒకప్పుడు మనవాళ్లను పీడించిందే, ఇప్పుడు మన తరఫున అడ్డుపడుతోందేమో.

వచ్చే నెల ఆయన మాత్రల కోసం వచ్చినప్పుడు ఇదంతా చెప్పాలనుంది. ఒక్క రోజు కూడా మాత్ర మానొద్దని ముందు చెప్పి, ఆ తర్వాతే.