ఫిల్టర్ మూత బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు చాలు

ఆయిల్ ఫిల్టర్ మూతను పట్టి ఉంచే బోల్టులు చాలా బైకుల్లో ఎం6వి, అంటే 6 మిల్లీమీటర్ల మందంవి. తలకు 8 లేదా 10 నంబరు స్పానర్ పడుతుంది. బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజిన్ కేసు అల్యూమినియంది. బలం ఎక్కువైతే ముందు పోయేది సాధారణంగా కేసులోని మరే.

వీటికి మామూలుగా 10 న్యూటన్ మీటర్లు చాలు. మీ బండి అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. 20 సెంటీమీటర్ల స్పానర్ చివర 5 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బిగువు అంతే. పాత నూనె దించే ఎం12 డ్రెయిన్ బోల్టుకు చాలా బండ్లలో 20 నుంచి 30 దాకా పడుతుంది (దాని వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి). దాన్ని బిగించిన ఊపులోనే చిన్నవాటి మీదికి వెళ్తే మర కొట్టేస్తుంది.

కారు చక్రాలకు వాడే అరంగుళం టార్క్ రెంచ్ (బిగువును, అంటే టార్క్‌ను కొలిచే స్పానర్) ఇక్కడ పనికిరాదు, దాని కొలత తరచుగా 40 దగ్గరే మొదలవుతుంది. పావంగుళం డ్రైవ్‌ది, 5 నుంచి 25 దాకా కొలిచేది కొనండి. ‘టక్’ అనగానే ఆపాలి. గట్టిదనం కోసం ఇంకోసారి లాగితే కొలిచిన ప్రయోజనమే ఉండదు.

రంధ్రాల్లో నూనె నిలిచి ఉందేమో ముందే చూడండి. అడుగు మూసుకున్న రంధ్రంలో నూనె ఉంటే బోల్టు దాన్ని నొక్కి, కేసునే పగలగొట్టగలదు. పైగా మర మీద నూనె ఉంటే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. గుడ్డ కొనతో తుడిచేయండి. బోల్టుల పొడవులు వేరుగా ఉంటే అట్టముక్కకు మూత ఆకారంలోనే గుచ్చి పెట్టుకోండి. పొట్టిది పొడుగుదాని చోట పడితే నాలుగైదు మరలే పట్టుకుంటాయి, ఆ బిగువుకే ఊడిపోతాయి.

బోల్టును వేళ్లతోనే మొదలుపెట్టండి. ముందు వెనక్కి తిప్పితే ఒకచోట చిన్నగా దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకు తిప్పాలి. వేళ్లతో కనీసం నాలుగు చుట్లు సులువుగా దిగకపోతే స్పానర్ పెట్టొద్దు. అన్నీ మూతకు ఆనాక మార్చి మార్చి, రెండు విడతల్లో బిగించండి.

తిప్పుతున్నా బిగువు పెరగడం లేదంటే మర పోతోందన్నమాట. వెంటనే ఆపి బోల్టు తీసి చూడండి. దాని మరల్లో వెండిరంగు తీగలు చుట్టుకుని ఉంటే ఆ రంధ్రానికి ఎం6 హెలికాయిల్ (పోయిన మర బదులు దించే తీగ చుట్ట) వేయించాల్సిందే.

పని అయ్యాక ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు తిప్పి, మూత అంచున వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఇంకా బిగించకండి. నూనెను ఆపేది ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు. అది మెలిపడిందో, నలిగిందో మూత తీసి చూడాలి.