ఏడుగురు లక్ష్ములు, ఒక బ్యాక్‌స్పేస్

పడుకుని అరగంట దొర్లి, నిద్ర పట్టక మళ్లీ లేచి వచ్చి కూర్చున్నాను. ఈయన ఒక కన్ను తెరిచి, "ఇంకా ఆ లక్ష్మేనా?" అని అడిగి అటు తిరిగి పడుకున్నారు. అవును, ఇంకా ఆ లక్ష్మే.

అసోసియేషన్ కోసం ఫ్లాట్ల యజమానుల జాబితాను తెలుగులో తయారుచేసే పని ఈసారి కూడా నా మెడకే చుట్టుకుంది. 48 ఫ్లాట్లలో పేరులో లక్ష్మి ఉన్నవారు ఏడుగురు. వారిలో కొందరు గుడితో లక్ష్మి అని, కొందరు గుడిదీర్ఘంతో లక్ష్మీ అని సంతకం చేస్తారు, ఒక్కరైతే రిజిస్టరులో ఒక రకంగానూ చెక్కు మీద మరొక రకంగానూ చేస్తారు. ఎవరి పేరు వారికి ముద్దు కాబట్టి రిజిస్టరును పక్కన పెట్టుకుని, తెర వైపు చూడకుండా, ఎవరిది ఎలా ఉంటే అలాగే కొట్టుకుంటూ పోయాను.

నేను కొట్టే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో గుడి ఎఫ్ మీట మీద ఉంటుంది, గుడిదీర్ఘం దానికి సరిగ్గా పైవరుసలో ఆర్ మీట మీద ఉంటుంది. రెండింటికీ ఎడమచేతి చూపుడువేలే దిక్కు కాబట్టి ఒకదానికి బదులు మరొకటి పడడం నాకు రోజూ ఉన్నదే. పడిందని వేలికి తెలిసిన మరుక్షణం బ్యాక్‌స్పేస్ ఒకసారి, ఆర్ ఒకసారి, అంతే. ఈ దిద్దుబాటు బుర్రదాకా వెళ్లకుండానే, కందిపప్పులో రాయిని వేలు దానంతటదే పక్కకు నెట్టినట్టు, జరిగిపోతుంది. ఈ రోజు కూడా అలాగే జరిగిపోయిందనుకుని, అంతా అయ్యాక చదువుకుంటే జాబితాలో విజయలీగారు, వరలీగారు, భాగ్యలీగారు అని ముగ్గురు కొత్త యజమానురాళ్లు కనిపించారు.

విషయం ఏమిటంటే, చిన్నోడు నా కోసం చేసిపెట్టిన ఎడిటరుకు ఆదివారం కొత్త వెర్షను ఎక్కించి వెళ్లాడు. నేను ఒక గుడిని వెనక్కి తీసుకుందామని బ్యాక్‌స్పేస్ నొక్కితే అది క్ష్మి మొత్తాన్ని తుడిచేసింది. మిగిలిన విజయల చివరి ల మీద నా గుడిదీర్ఘం వచ్చి కూర్చుంది. క్ష్మి అనే ఆ ఒక్క అక్షరానికి నేను కొట్టేవి ఆరు మీటలు: కె, డి, షిఫ్టుతో కామా, మళ్లీ డి, సి, ఎఫ్. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఆరు యూనికోడ్ సంకేతాలు (ప్రతి లిపిలోని గుర్తులకూ కంప్యూటర్ల కోసం ఇచ్చిన ఉమ్మడి సంఖ్యలు) ఆ వరుసలోనే ఫైలులోకి వెళ్లి, వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటీ మూడేసి బైట్ల చొప్పున 18 బైట్లు ఆక్రమిస్తాయి. ఒక వేలు ఒక మీట తప్పితే ఆరు మీటల పని మళ్లీ మొదటినుంచి చెయ్యాలట!

వెంటనే ఫోను చేశాను. వాడు మీటింగులో ఉన్నాడు. సాయంత్రం తనే చేసి, ఏదో పిల్లలకు చెప్పినంత ఓర్పుగా చెప్పాడు. వాడి స్నేహితుడు ఎవరో ఈ ఎడిటరులోనే ఎమోజీలతో కబుర్లు రాసుకుంటాడట. అమ్మ, నాన్న, బిడ్డ కలిసి ఉండే కుటుంబం బొమ్మ నిజానికి మూడు బొమ్మలను కంటికి కనిపించని రెండు అతుకులతో కలిపినదట. ఆ బొమ్మ మీద బ్యాక్‌స్పేస్ నొక్కితే మొదట బిడ్డ మాయమై తల్లిదండ్రులు మిగిలారట, ఇంకా నొక్కితే తల్లి కూడా పోయి తండ్రి ఒక్కడే నిలబడ్డాడట. అది చూసి నవ్వుకోలేక బాధపడిన ఆ అబ్బాయి కోసం, తెరమీద ఒక్కటిగా కనిపించేది ఒక్క దెబ్బకే పోవాలని చిన్నోడు మార్చాడు. ఎక్కడివరకు ఒక్కటి అనేది తేల్చే లెక్క యూనికోడ్ 29వ అనుబంధంలో ఉంది. 2023లో వచ్చిన 15.1 వెర్షనుదాకా ఆ లెక్క ప్రకారం క్ష్మి అంటే క్, ష్, మి అని మూడు ముక్కలు. ఆ వెర్షనులో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల ఒత్తులను కూడా కలిపి ఒక్క ముక్కగా లెక్కపెట్టమని కొత్త నియమం చేర్చారు. ఎవరి కుటుంబమో విడిపోకుండా ఉండాలని మా అపార్ట్‌మెంటులో ముగ్గురు లక్ష్ములను తుడిచిపెట్టారన్నమాట.

"అమ్మా, నువ్వే కదా క్ష్మి ఒక్క అక్షరమని మాకు పలకమీద నేర్పింది" అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండింది.

అప్పుడే వాడికి నాన్నగారి టైపు మిషను సంగతి చెప్పాను. నాన్నగారు కోర్టులో తెలుగు టైపిస్టని ఇక్కడ చాలాసార్లు రాశాను కదా. సాయంత్రాలు బయటి కాగితాల పని కూడా తెచ్చుకుని వసారాలో మిషను పెట్టుకుని కొట్టేవారు. ఆ మిషనులో కొన్ని మీటలు నొక్కితే గుర్తు కాగితం మీద పడుతుంది గాని క్యారేజీ కదలదు, తరువాత కొట్టినది వచ్చి దానితో కలుస్తుంది. బ్యాక్‌స్పేస్ అనే మీట కూడా ఉండేది, కానీ అది దేన్నీ చెరపదు. క్యారేజీని ఒక గడి వెనక్కి జరుపుతుంది, అంతే. చెరుపుకోవడం, చెరుపుకోకపోవడం మన ఇష్టం. ఒక రాత్రి కరెంటు పోయి, నేను లాంతరు పట్టుకుని పక్కన నిలబడి ఉండగా, ఎవరో రామలక్ష్మి అనే ఆవిడ కాగితంలో గుడికి బదులు గుడిదీర్ఘం పడింది. అడుగున రెండు కార్బన్లు ఉన్నాయి. నాన్నగారు మాట్లాడకుండా సగానికి విరిచిన బ్లేడు తీసి, కార్బన్లకు మరక అంటకుండా చిన్న చీటీ ముక్కలు లోపలికి దూర్చి, మీ మీద ఉన్న ఆ చివరి మెలికను మాత్రమే, గుడి చెక్కు చెదరకుండా, మూడు ప్రతుల మీదా గీకారు. ఊపిరి కూడా వదలలేదు. లాంతరు నా చేతిలో వణికితే, "నీ చెయ్యి కాదమ్మా వణకాల్సింది, నాది" అన్నారు. గోటితో ఆ చోట కాగితాన్ని రుద్ది నునుపు చేసి చూపిస్తే, అక్కడ లక్ష్మి తప్ప లక్ష్మీ ఎప్పుడూ లేనట్టే ఉంది. ఒక మెలిక తప్పయితే మెలికనే తీస్తాం గాని మనిషి పేరంతా తుడిచి మళ్లీ రాస్తామా అని చిన్నోడిని నిలదీశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత చూస్తానమ్మా అని ఫోను పెట్టేశాడు.

గెలిచానన్న తృప్తితోనే కంది పచ్చడి, మజ్జిగ పులుసుతో అన్నం తిన్నాం. అత్తయ్య రెండోసారి పచ్చడి వడ్డించుకున్నారు, అది ఈ రోజు జరిగిన మంచి.

పడుకున్నాక గాని ఆ కథ మిగతా సగం గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదనడం కూడా అబద్ధమే, ఫోనులో చెప్పేటప్పుడే అది గొంతులో అడ్డం పడితే మింగేశాను. మర్నాడు ఆ కాగితం వెనక్కి వచ్చింది. హెడ్ గుమాస్తా దాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే గీకిన చోట పల్చబడి వెలుగు కనిపించిందట. పేరు గీకిన కాగితం చెల్లదు, పేజీ మొత్తం తిరగ కొట్టుకురమ్మన్నారు. నాన్నగారు ఆ రాత్రి మళ్లీ కూర్చుని ఒక్క మెలిక కోసం పేజీ మొత్తం మూడు ప్రతులూ కొట్టారు. నేను ఏ సాక్షిని పిలిచానో ఆ సాక్షి చిన్నోడి వైపే మాట్లాడినట్టయింది.

అక్కడితో ఆగితే బాగుండేది, కానీ పోయిన నెల సంగతి కూడా వరసలో వచ్చి నిలబడింది. కార్పస్ ఫండ్ నోటీసులో లక్ష రూపాయలు అని కొట్టబోయి చేతి అలవాటు కొద్దీ లక్ష్మి అని కొట్టాను. అప్పటికి పాత పద్ధతే కాబట్టి ఒక బ్యాక్‌స్పేస్‌కు గుడి పోయింది, రెండో దానికి మ పోయింది, కంటికి మ పోగానే చెయ్యి ఆపేశాను. ష మీద ఉండిపోయిన పొల్లుకు మూడోది కూడా నొక్కాలి. "ఫ్లాటుకు లక్ష్ రూపాయలు" అని నోటీసు లిఫ్టులో మూడు రోజులు వేలాడింది. నాలుగో అంతస్తు మాస్టారుగారు ఎర్ర పెన్నుతో ఆ పొల్లు చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశారు. ఏమైనా రాసి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. ముక్కముక్కగా చెరపడంలో ఉన్న ప్రమాదం ఇదే. సగం చెరిగిన అక్షరం పొల్లు పట్టుకుని కాచుకుని ఉంటుంది, తరువాత ఏ హల్లు వస్తే దాన్ని ఒత్తుగా కిందికి లాగేసుకుంటుంది. అక్షరాల ముక్కలు ఎవరూ ఊహించని వరుసలో పడితే ఏమవుతుందో చిన్నోడు అప్పుడప్పుడు గుర్తుచేస్తూనే ఉంటాడు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా మధ్యలో కనిపించని విడదీత గుర్తు ఒకటి చేరిన రూపం ఐఫోన్లలో మెసేజీల యాప్‌లను కుప్పకూల్చింది, ఆ నెలలోనే దానికి మందు వేశారు.

కాబట్టి వాడిదే న్యాయమని ఒప్పుకుంటూ మెసేజి రాద్దామని ఫోను తీశాను. సగం రాసేసరికి మళ్లీ మనసు మారింది.

ఎందుకంటే, నాన్నగారి పేజీ వెనక్కి వచ్చింది మర్నాడు, కాగితం చేతులు మారాక. మిషను మీద వేలు ఉండగానే తెలిసిన తప్పు వేరు, బల్లమీద తేలిన తప్పు వేరు. నేను ఎఫ్ నొక్కి అరక్షణంలో బ్యాక్‌స్పేస్ నొక్కానంటే అక్షరాన్ని చెరపమని కాదు, ఇప్పుడు వేసిన అడుగును వెనక్కి తీసుకోమని. నిన్నటి ఫైలు తెరిచి ఏదో పేరు చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం నాకు అక్షరమే కనిపిస్తుంది గాని నొక్కిన మీటలు గుర్తుండవు, అప్పుడు మొత్తం పోతే పోనీ. ఆ 29వ అనుబంధాన్నే ఇప్పుడు తెరిచి చూశాను. బ్యాక్‌స్పేస్ ఒక్కో సంకేతం చొప్పున, డిలీట్ మీట మొత్తం ముక్క చొప్పున చెరపవచ్చని ఆ నియమాలు రాసినవారే ఉదాహరణగా చెప్పారు. చిన్నోడు ఆ వాక్యం చదవలేదో, చదివి నాకు చెప్పలేదో.

అయితే ఒక్కో సంకేతం అంటే ఒక్కో మీట అనే నా లెక్క మా ఇన్‌స్క్రిప్ట్ వాళ్లకే చెల్లుతుందని కూడా ఒప్పుకోవాలి. యూనికోడ్ మన లిపులకు గళ్లు కేటాయించింది మన దేశపు ఇస్కీ సంకేతాల మీద ఆధారపడే, ఇన్‌స్క్రిప్ట్ మీటలు కూడా ఆ ఇస్కీ పద్ధతికే జంట. 1991లో ప్రమాణాల సంస్థ రెండింటినీ ఒకే పత్రంలో ఖరారు చేసింది. అందుకే నేను నొక్కినది నొక్కినట్టు ఫైలులో ఉంటుంది. ఈయనేమో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు. ఎమ్ నొక్కగానే మ్ వస్తుంది, ఐ నొక్కగానే పొల్లు మాయమై మి అవుతుంది. అక్కడ వెనక్కి ఒక అడుగు అంటే గుడి పోయి పొల్లు తిరిగి రావాలి. అలా కావాలని ఈయన ఎప్పుడూ అడగలేదు, తప్పు పడితే మాట మొత్తం చెరిపేసి మళ్లీ కొడతారు. ఎవరి ఓపిక వారిది.

చిన్నోడికి చివరికి రాసింది ఇది: "ఎమోజీ కుటుంబాన్ని కలిపే ఉంచు, నాకు అభ్యంతరం లేదు. తెలుగులో మాత్రం కొడుతున్నంతసేపు బ్యాక్‌స్పేస్ ఒక్క మీటనే వెనక్కి తీసుకోవాలి, కర్సరు పక్కకు కదిలిందా, అక్షరం మొత్తం తియ్యి. బాణం మీటలు నువ్వు పెట్టినట్టే ఉండనీ, అవి బాగానే ఉన్నాయి. లక్ష్ నోటీసు సంగతి నాకు గుర్తుంది, నువ్వు గుర్తు చెయ్యనక్కర లేదు." పడుకోలేదు కాబోలు, వెంటనే జవాబు వచ్చింది: "కర్సరు కదిలిందో లేదో గుర్తుపెట్టుకోవడం ఒక పూట పని అమ్మా. శనివారం చేస్తా. తాతయ్య పేజీ వెనక్కి వచ్చిన సంగతి నాకు పెద్దమామయ్య ఎప్పుడో చెప్పాడు."

అంటే సాయంత్రం ఫోనులో మాట్లాడకుండా ఉండిపోయింది అందుకా!

విజయలీ, వరలీ, భాగ్యలీ ముగ్గురినీ చేత్తో దిద్దాను. ఆరేసి మీటలు, మూడుసార్లు. 302లో ఉన్న ఆవిడ పేరు ఇంకా ఖాళీగానే ఉంది, రిజిస్టరులో గుడి ఉంది, చెక్కు మీద దీర్ఘం ఉంది. పొద్దున్న పాలపాకెట్ తీసుకోవడానికి తలుపు తీసినప్పుడు అడగాలి.