పైపుతో వెయ్యి తక్కువ

“నీళ్లు గుంజిన మడి జూస్తె నాకు కడుపుల దేవినట్టయితది బిడ్డా” అన్నాడు మా పెద్దబాపు, నేను మొదటి పైపు పాతిన రోజు. మా ఊరు సిద్దిపేట దగ్గర. బోరు కింద మూడెకరాల వరి ఆయనది.

పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రి ఎప్పుడో చెప్పిన తడి-పొడి పద్ధతే. చిల్లులు పెట్టిన 30 సెంటీమీటర్ల పైపును మడిలో సగం దిగేస్తారు. అందులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి జారాకే మళ్లీ తడి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. మధ్యమధ్య బురదకు గాలి తగిలితే, అందులో పుట్టి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు సగం దాకా తగ్గుతుంది. రోజూ వెళ్లి పైపులోకి తొంగిచూసే ఓపిక ఎవరికుంటుంది? ఆ పని సెన్సర్‌కు అప్పజెప్పాలన్నదే నా వ్యాపారం.

శబ్ద తరంగాలతో దూరం కొలిచే, తడిసినా పాడవని అల్ట్రాసోనిక్ సెన్సర్ కొన్నాను. దానికి 20 సెంటీమీటర్ల లోపు ఏమీ కనపడదని మడిలో పెట్టాకే తెలిసింది. సెన్సర్‌ను పైకి జరపబోతే పైపు మూరెడు దాటింది. కొంగలకు మంచి ఆసనం దొరికింది. సోలార్ పలక నిండా రెట్ట, మూడో రోజుకు బ్యాటరీ ఖాళీ. పలకను నిటారుగా తిప్పి, పైన మేకులు బిగించాక గానీ అవి వదల్లేదు.

కంపెనీ రిజిస్ట్రేషన్, స్టార్టప్ ఇండియా గుర్తింపు ఇంట్లో కూర్చునే అయిపోయాయి. అసలు పరీక్ష సీడ్ ఫండ్, అంటే కొత్త కంపెనీలకు కేంద్రం ఇచ్చే తొలి సాయం. 2021లో మొదలైన ఈ పథకంలో నమూనా దశకు 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చేవాళ్లు, అదీ విడతలుగా. డబ్బు ఇచ్చేది ఇంక్యుబేటర్లు, అంటే కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థలు; మూడింటి దాకా ఎంచుకునే వీలుండేది. మూడింటికీ పెట్టాను. మొదటి చోట మీథేన్ మీదే పది స్లైడ్లు చూపించాను. చివర్లో ఒకాయన అడిగాడు: “2018 నుంచి వ్యవసాయానికి 24 గంటలు ఉచిత కరెంటు. నీళ్లు మిగిలితే రైతుకేం మిగులుతుంది?” నా దగ్గర జవాబు లేదు. వాళ్లు కాదన్నారు. ఆయన మీద కోపం వచ్చింది గానీ, అడిగింది న్యాయమే.

జవాబు మా పెద్దమ్మ దగ్గర దొరికింది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటారు తానే లేస్తుంది, మడి నిండినా ఆగదు. ఆపడానికి పెద్దబాపు నడిరాత్రి టార్చి పట్టుకుని గట్ల వెంట పోతాడు. పాములని పెద్దమ్మకు నిద్ర పట్టదు. పైపు చెప్పినట్టు మోటారు ఆగేలా స్టార్టర్‌కు ఒక డబ్బా కలిపాను. ఫోన్‌తో నడిచే స్టార్టర్లు బజారులో ముందే ఉన్నాయి. మాది నీటి మట్టం చూసుకుంటుంది, అంతే తేడా. “గిది ముందుగాల జెప్పొద్దారా!” అన్నాడు పెద్దబాపు.

రెండో చోట మొదటి స్లైడు టార్చి బొమ్మ, మీథేన్ చిట్టచివర. మొదటి విడత డబ్బు వచ్చింది.

మొన్నటి యాసంగికి పదకొండు మంది పెట్టించుకున్నారు. అందులో ముగ్గురు, “పైపు వద్దు, డబ్బా ఒక్కటియ్యి” అని వెంటపడ్డారు. ఇస్తానన్నాను. పైపు లేకుండా అయితే వెయ్యి ఎక్కువ.