గ్యాస్ అనుకున్న నొప్పి

లష్కర్ బోనాల ఆదివారం. సికింద్రాబాద్‌లో మా చిన్నత్త వాళ్లింట్లో మధ్యాహ్నం బగారన్నం, మటన్ కడుపునిండా తిన్నాను. నాకు అప్పుడు ఎనిమిదో నెల, డాక్టర్ లెక్కలో 33 వారాలు. రాత్రి బోడుప్పల్‌లో మా ఇంటికొచ్చి పడుకున్నాక, పది దాటేసరికి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. ఎవరో పిడికిలి పెట్టి లోపలికి నొక్కుతున్నట్టు ఉంది. పక్కకు తిరిగినా తగ్గదు, లేచి కూర్చున్నా తగ్గదు.

"అంత మటన్ తింటివి, గ్యాస్ పట్టింది బిడ్డా" అంది అమ్మ. వాము నమిలాను, వేన్నీళ్లు తాగాను. రెండుసార్లు వాంతయింది. దాంతో గ్యాసేనని అందరికీ ఖాయమైపోయింది. నాకూ అంతే. ఆ రోజు మటన్ తినకపోయి ఉంటే ఇంకాస్త ముందే భయపడేదాన్నేమో.

ఒంటి గంటకు మేం చూపించుకునే నర్సింగ్‌హోమ్‌కు వెళ్లాం. పేరు ఎందుకులెండి. డ్యూటీలో ఉన్నతను గ్యాస్ ఇంజెక్షన్ చేసి, పాప గుండె చప్పుడు వినిపించి, పంపించేశాడు. బీపీ చూడలేదు. మేమూ అడగలేదు. కడుపులో నొప్పి అని వెళ్లినప్పుడు బీపీ చూడమని అడగాలని ఎవరికి తోస్తుంది?

పొద్దున్నే తల పగిలిపోతోంది. ఫోన్ తీస్తే అక్షరాల మీద వెండి చుక్కలు మెరుస్తున్నాయి. కళ్లు నులుముకున్నా పోవు. మామయ్యకు బీపీ మిషన్ ఉంది, ఓసారి చూద్దామని మా ఆయన తెచ్చి కట్టాడు. 172/112. మిషన్ పాడైందేమోనని మామయ్యకు కట్టి చూశారు. ఆయనకు 130/80. మళ్లీ నాకు కడితే 176/114. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

మళ్లీ అదే నర్సింగ్‌హోమ్. ఈసారి మేడమ్ ఉన్నారు. యూరిన్‌లో ప్రొటీన్ పోకూడదట, నాకు మూడు ప్లస్‌లు వచ్చింది. రక్తంలో ప్లేట్‌లెట్లు 62 వేలు. మామూలుగా లక్షన్నరకు తగ్గకూడదట. బీపీకి ఇంజెక్షన్ చేసి, "ఇక్కడ ఐసీయూ లేదు, బ్లడ్ బ్యాంక్ లేదు. ఆలస్యం చేయకుండా గాంధీకి వెళ్లండి" అన్నారు. "సర్కారు దవాఖానకా?" అని మా అత్తమ్మ గొంతు పెంచింది. ఆమె మాట పూర్తయ్యేలోపే మా ఆయన 108కి ఫోన్ చేశాడు.

ఉప్పల్ దాకా ఆ ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన గుంతల్లో పడ్డ ప్రతిసారీ ఆ పిడికిలి ఇంకాస్త లోపలికి దిగేది. ఆ రోజు రంగం, అంటే బోనాల మర్నాడు గుడిలో భవిష్యవాణి చెప్పే రోజు, సికింద్రాబాద్‌లో రోడ్లు మళ్లించారు. డ్రైవర్ తార్నాక, మెట్టుగూడ మీదుగా చిలకలగూడ వైపు తిప్పి తీసుకెళ్లాడు. లోపలున్న అబ్బాయి "ఎడమవైపు తిరిగి పడుకో అక్కా, కళ్లు మూసుకో" అని దారంతా చెబుతూనే ఉన్నాడు.

గాంధీలో పీజీ డాక్టరమ్మ, నాకంటే చిన్నదే, నొప్పి ఎక్కడో చూపించమంది. చూపించాను. "ఇది కడుపు కాదమ్మా, లివర్" అంది. హెల్ప్ సిండ్రోమ్ అట. బీపీ ఇంతగా పెరిగినప్పుడు కొందరిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, లివర్ దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇంగ్లిష్‌లో ఆ మూడింటి మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. సాయం అనే మాటలా వినిపించే పేరు దీనికా అని ఆ నొప్పిలోనూ అనిపించింది. పక్కన బెడ్‌షీట్ సర్దుతున్న ఆయమ్మ మాత్రం "గుర్రపు వాతం, ఫిట్స్ రాకముందే వచ్చినవ్, అదృష్టం" అంది. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ తెచ్చే జబ్బును మా దగ్గర అలాగే అంటారు. నాకు అర్థమైంది ఆమె మాటే.

ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించారు. దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి డోసు ఎక్కుతుంటే గొంతులోంచి పాదాల దాకా వేడి నీళ్లు పోసినట్టు ఒళ్లంతా కాలిపోయింది. తర్వాత గంటగంటకూ ఒక సిస్టర్ చిన్న రబ్బరు సుత్తితో వచ్చేది. మోకాలి కింద కొడితే కాలు ఎగరాలి. ఊపిరి లెక్కపెట్టేది, సంచిలో యూరిన్ ఎంత వచ్చిందో చూసి రాసుకునేది. మందు ఎక్కువైతే ముందు మోకాలు ఎగరడం మానేస్తుందట, ఆ తర్వాత ఊపిరి మీదికొస్తుందట. దానికి విరుగుడుగా కాల్షియం ఇంజెక్షన్ ట్రేలో సిద్ధంగా ఉంది. నేను కళ్లు మూసుకుని కాలు ఎగరాలని మొక్కుకునేదాన్ని. ఎగిరేది.

పాప ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఒక డోసు పడింది, రెండో దానికి టైం లేదు. దీనికి మందు కాన్పేనని, ఆగితే ఇద్దరికీ ప్రమాదమని చెప్పి సంతకాలు తీసుకున్నారు. ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి నడుముకు సూది ఇవ్వకూడదట, వెన్నులో రక్తం కారి పేరుకుపోయే ప్రమాదముందని పూర్తి మత్తు ఇచ్చారు. అందుకే మా పాప మొదటి ఏడుపు నేను వినలేదు.

ఆ సాయంత్రం మా ఆయన బ్లడ్ బ్యాంక్ దగ్గర ఉన్నాడు. ప్లేట్‌లెట్ల సంచులు ఫ్రిజ్‌లో ఉండవట, ఒక మిషన్ మీద అటూ ఇటూ ఊగుతూ ఉంటాయట. ఐదు రోజులకు మించి నిలవ ఉండవట. "పలచటి పసుపు నీళ్లలా ఉన్నాయి, ఉయ్యాలలో పిల్లల్లా ఊగుతున్నాయి" అని తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో. తమ్ముడు, అతని ఫ్రెండ్స్ వచ్చి రక్తం ఇచ్చారు. ఆపరేషన్‌లో నాకు రెండు బాటిళ్ల రక్తం, ఆరు సంచుల ప్లేట్‌లెట్లు ఎక్కాయి.

కాన్పయితే అయిపోయినట్టే అనుకున్నాం. కాలేదు. మర్నాడు ప్లేట్‌లెట్లు 41 వేలకు దిగాయి. కాన్పు తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా పడతాయని, ఫిట్స్ కూడా అప్పుడే రావచ్చని మెగ్నీషియం మరో 24 గంటలు ఉంచారు. మూడో రోజు 70 వేలు. ఆ రోజే నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పాపను చూపించారు. కిలో 540 గ్రాములు. డైపర్ దాని చంకల దాకా వచ్చింది.

నేను తొమ్మిదో రోజు డిశ్చార్జి, పాప పంతొమ్మిదో రోజు. బీపీ మాత్రలు ఐదు వారాలు వాడాను. మళ్లీ గర్భం వస్తే 12వ వారం నుంచే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెట్టాల్సి ఉంటుందని, మొదటి నెలల్లోనే పెద్దాసుపత్రికి రమ్మని ఫైలు మీద రాసిచ్చారు. ఆ మాట మా ఆయన ముందు ఎత్తితే ఇప్పటికీ లేచి వెళ్లిపోతాడు.

అమ్మ ఇంకా ఆ మటన్‌నే తిడుతుంది. పాపకు మూడో నెలలో టీకా కాగితాలు వెతుకుతుంటే నర్సింగ్‌హోమ్ కార్డు దొరికింది. 30వ వారంలో బీపీ 138/88. కాళ్లవాపు అని రాసి పక్కన రెండు ప్లస్‌లు. రెండు వారాల్లో మూడున్నర కిలోలు పెరిగాను. అదే వారం వేలికి ఉంగరం బిగుసుకుపోయి సబ్బు రాసి తీసింది మా అత్తమ్మ. "మొహం నిండుగా అయ్యింది, ఆడపిల్లే" అని మురిసిపోయింది కూడా. కార్డులో యూరిన్ అన్న గడిలో ఏమీ రాయలేదు. పెన్నుతో ఒక అడ్డగీత మాత్రం ఉంది.