అడగాల్సిన ప్రశ్న

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మిడ్‌వైఫ్‌గా చేరిన కొత్తలో, మొదటి చెకప్‌కి వచ్చిన గర్భిణిని ఒక ప్రశ్న అడగాలంటే నా గొంతు తడారిపోయేది. చిన్నప్పుడు ఆచారం పేరుతో మీకు జననాంగాల దగ్గర కోత జరిగిందా అని.

ఇవాళ ఒక సోమాలీ అమ్మాయిని అడిగాను. ఇంటర్‌ప్రెటర్ మాట పూర్తికాకముందే తల దించుకుంది. కండువా కొసను వేలికి చుట్టుకుంటూ, "ఏడేళ్లప్పుడు" అంది.

కోశాక దారి మూసేస్తూ వేసిన కుట్లని కాన్పుకి ముందే విప్పొచ్చని బొమ్మ గీసి చూపించాను. ఆ కాగితాన్ని మడిచి పర్సులో దాచుకుంది.

ఆడపిల్ల పుడితే, సెలవులకని సొంత దేశం తీసుకెళ్లి కోయించినా ఇక్కడ నేరమే. 2003 చట్టం. 2015 నుంచి, 18 ఏళ్లలోపు పిల్లకి జరిగిందని పిల్లే చెప్పినా, మేం చూసినా పోలీసులకు చెప్పి తీరాలి. అన్నీ వివరించాను.

"మా అత్తకి నువ్వే చెప్పు సిస్టర్, నా మాట వినదు" అంది.

బుధవారం ఆవిడనీ తీసుకురమ్మన్నాను. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో అని ఇప్పట్నుంచే టెన్షన్.