ఓగమ్ రాళ్ల చదువు: కార్క్ నుంచి డింగిల్ దాకా

చలికాలం మొదట్లో పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే. ఓగమ్ అనే పాత ఐరిష్ లిపి చెక్కిన రాయి ముందు నిలబడి, చేతిలో అక్షరాల పట్టిక లేకుండా, దాని మీదున్న పేరు చదవగలగాలి. బాగా నిలిచిన రాళ్లయితే ఇప్పుడు చదివేస్తున్నాను, అరిగిపోయిన వాటితో ఇంకా కుస్తీ నడుస్తోంది. ఇక్కడ ఐర్లండ్‌లో డబ్లిన్, కార్క్ వైపు మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, సముద్రం ఒడ్డు కొండచరియలు క్లిఫ్స్ ఆఫ్ మోహర్ చూసేశాక ఇంకేం ఉంది ఇక్కడ అని అడుగుతుంటారు, అలాంటివాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐరిష్ భాషను రాసిన మొట్టమొదటి లిపి ఓగమ్. రాళ్ల మీద దొరికేవి ఎక్కువగా 5, 6 శతాబ్దాలవి. ఐర్లండ్‌లో మూడు వందలకు పైగా ఉన్నాయి, అందులో పెద్ద వాటా కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్ కౌంటీలది. ఇక్కడివాళ్లు సముద్రం దాటి వెళ్లి స్థిరపడిన వేల్స్‌లో కూడా కొన్ని ఉన్నాయి, అక్కడ చాలా రాళ్ల మీద అదే పేరు లాటిన్‌లో కూడా ఉంటుంది. కడప జిల్లా కలమళ్ల శాసనం 575 ప్రాంతానిదంటారు కదా, అంటే రేనాటి చోళులు రాతి మీద తెలుగు చెక్కించిన రోజుల్లోనే ఇక్కడ వీళ్లు ఈ గాట్లు పెడుతున్నారన్నమాట. నాకు ఈ పిచ్చి పట్టడానికి సగం కారణం అదే.

ఇక అసలు పని. ఓగమ్ అక్షరాలు రాయి ముఖం మీద ఉండవు, నిలువు అంచు మీద ఉంటాయి. మొత్తం 20 అక్షరాలు, ఐదేసి చొప్పున నాలుగు గుంపులు. అంచుకి కుడివైపు ఒకటి నుంచి ఐదు గీతలైతే వరసగా బ, ల, వ, స, న. ఎడమవైపు గీతలైతే హ, డ, ట, క, క్వ. అంచుని ఏటవాలుగా కోసుకుంటూ రెండువైపులా పోయే గీతలు మ, గ వగైరా, ఐదు గీతలైతే ర. అచ్చులకు గీతలు లేవు, సరిగ్గా అంచు మీదే చిన్న గాట్లు, ఒకటైతే అ, ఐదైతే ఇ. మామూలుగా ఎడమ అంచు కింద నుంచి మొదలుపెట్టి పైకి చదవాలి, చోటు చాలకపోతే రాయి తల మీదుగా అవతలి అంచుకి దిగుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు.

పట్టిక బట్టీ పట్టడం వారం పని కూడా కాదు. రాయి ముందుకెళితే మాత్రం ఆ బట్టీ అంతా ఎగిరిపోతుంది, ఎందుకంటే పదిహేను వందల ఏళ్ల వానకి ముందు అరిగేది అంచే, అంచు పోతే అచ్చులు పోతాయి, హల్లుల గీతలు మాత్రం పక్కల మీద మిగులుతాయి. అందుకని నేను రాయి అడుగు నుంచి అక్షరం అక్షరం చదవడం మానేసి, ముందు "మక్వి" కోసం వెతుకుతున్నాను. కొడుకు అని దాని అర్థం, ఎక్కువ రాళ్ల మీద ఉంటుంది. ఏటవాలు గీత ఒకటి, గాటు ఒకటి, ఎడమవైపు గీతలు ఐదు, మళ్లీ గాట్లు ఐదు. ఒకటి-ఒకటి-ఐదు-ఐదు. ఇది దొరికితే దానికి కింద ఉన్నది మనిషి పేరు, పైన ఉన్నది తండ్రి పేరు. కొన్నిటి మీద ఆ తర్వాత "ముకోయి" అని వంశం పేరు కూడా వస్తుంది. సంకల్పంలో గోత్రం, పేరు చెప్పుకున్నట్టే ఉంటుంది, ఫలానా వంశంలో ఫలానా వాడి కొడుకు ఫలానా వాడు, అంతే, రాజు గొప్పలు లేవు, దానాల లెక్కలు లేవు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు నేరుగా పొలాల్లోకి వెళ్లొద్దు. కార్క్ యూనివర్సిటీ కాలేజీ పాత భవనంలో స్టోన్ కారిడార్ అని ఉంది, 28 రాళ్లు వరసగా నిలబెట్టారు, టికెట్ లేదు, పైకప్పు ఉంది కాబట్టి వాన టెన్షన్ లేదు. నేను ఆఫీసు అయ్యాక వెళ్లి రాయికొక కాగితం చొప్పున గీసుకునేవాణ్ని, నిలువుగా ఒక గీత, దానికి అటూ ఇటూ కనిపించిన గీతలు మాత్రమే, ఊహించినవి చుక్కలతో. ఇంటికొచ్చాక డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ఓగమ్ త్రీడీ నమూనాలతో సరిచూసుకోవడం. కనిపించినదాన్నీ ఊహించినదాన్నీ విడిగా గీయడం అలవాటు చేసుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే.

బయటి రాళ్లకి వెలుతురే సగం చదువు. మిట్టమధ్యాహ్నం ఎదురెండలో గాట్లు అసలు కనబడవు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పక్కనుంచి ఎండ పడినప్పుడు ఒక్కో గీతా నీడతో పైకి లేస్తుంది. ఇక్కడ ఎండని నమ్ముకుని బండి తీయలేం కాబట్టి మామూలు ఎల్‌ఈడీ టార్చ్ ఒకటి కొన్నాను. మసక పడ్డాక దాన్ని రాయికి పక్కగా, చేయి బారంత దూరంలో, దాదాపు రాయిని రాసుకుంటూ వెలుతురు పోయేలా పట్టుకోవాలి. ఫోన్ కదలకుండా స్టాండ్ మీద పెట్టి, టార్చ్ మాత్రం చుట్టూ తిప్పుతూ ఫోటోలు తీస్తే, ఒక ఫోటోలో దాక్కున్న గీత ఇంకోదాంట్లో బయటపడుతుంది. మబ్బు పట్టిన రోజు త్రీడీ నమూనాకి మంచిది, వెలుతురు అన్నివైపులా సమానంగా ఉంటుంది. రాయి చుట్టూ తిరుగుతూ ఒకదాని మీద ఒకటి పడేలా డెబ్బై ఎనభై ఫోటోలు తీసి నమూనా కట్టి, ఉచితంగా దొరికే మెష్‌ల్యాబ్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రంగు తీసేసి, ఎత్తుపల్లాల్ని తేల్చి చూపే రేడియన్స్ స్కేలింగ్ షేడర్ పెడితే నాచు మరకలు మాయమై గాట్లు మిగులుతాయి. పాత ఫోటోల్లో గీతల్లో సుద్ద పూసి ఉంటుంది, దయచేసి ఆ పని చేయకండి, నాచు గీకకండి. రాయికి హాని అన్నది ఒకటి, పైగా సుద్ద పూశాక కనిపించేది పూసినవాళ్ల అభిప్రాయమే తప్ప రాయి కాదు.

కిల్లార్నీ దగ్గర డన్‌లో (Dunloe) అనే చోటున్న రాళ్లు మొదటి బయటి ప్రయాణానికి చక్కగా సరిపోతాయి, రోడ్డు పక్కనే ఎనిమిది రాళ్లు. వీటిలో ఏడు 1838లో ఒక నేలమాళిగలో దొరికాయి. పూర్వం ఎవరో శాసనాల్ని పట్టించుకోకుండా పైకప్పు రాళ్లుగా వాడేశారు, ఆ పుణ్యమాని వానకి తడవకుండా బతికాయి. గీతలు లోతుగా ఉన్నాయి, మక్వి వెతకడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

డింగిల్ ద్వీపకల్పం మాత్రం వేరే లోకం. అక్కడ పశ్చిమ భాగం గేల్టాక్ట్, అంటే ఇంట్లో బజార్లో ఐరిష్ మాట్లాడే ప్రాంతం, బోర్డుల మీద ఊరి పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి, కాబట్టి వెళ్లబోయే చోట్ల ఐరిష్ పేర్లు ముందే రాసుకోండి. స్లే హెడ్ రోడ్డు చాలా ఇరుకు, టూరిస్టు బస్సులు గడియారం ముల్లు తిరిగే దిక్కునే వెళ్తాయి, మీరూ అలాగే వెళ్తే ఎదురుబడే బాధ ఉండదు. జాతీయ స్మారకాల శాఖ వాళ్ల హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్ అనే ఉచిత మ్యాప్‌లో ప్రతి రాయికీ చుక్క ఉంటుంది, కానీ చుక్క ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు, చాలా వరకు సొంత పొలాలు. ఇంటి తలుపు కొట్టి అడగడమే పద్ధతి. నేను అడిగిన చోట ఒక పెద్దాయన వద్దనలేదు సరికదా, గమ్ బూట్లు వేసుకుని వెంట వచ్చి, ఆవులు ఒళ్లు రుద్దుకునే వైపు ఏదో, గాలి కొట్టే వైపు ఏదో చూపించాడు. అంచు ఎందుకు ఒకవైపే అరిగిందో నాకు అప్పుడు తెలిసింది. గేటు ఎలా ఉంటే అలాగే వేసి రండి, కుక్కని తీసుకెళ్లకండి.

డన్‌మోర్ హెడ్ మీది రాయి కోసం కుమీనోల్ బీచ్ పై నుంచి కొండ ఎక్కాలి. ఎదురుగా బ్లాస్కెట్ దీవులు, 1953లో ఆఖరి కుటుంబాల్ని ఖాళీ చేయించిన ద్వీపం అక్కడిదే. రాయి మీద "ఎర్క్ మక్వి మక్వి-ఎర్కియాస్", ఇంకో అంచున "ము దోవినియా" అని ఉంది. మక్వి రెండుసార్లు వచ్చిందని కంగారు పడక్కర్లేదు, రెండోది తండ్రి పేరులో భాగం. నన్ను పట్టేసింది మాత్రం దోవినియా. "ము" అంటే ముకోయికి పొట్టి రూపం, దోవినియా ఆ వంశానికి మూలపురుషుడు కాదు, మూలదేవత అంటారు. ఈ ద్వీపకల్పం మొత్తాన్నీ ఐరిష్‌లో ఇప్పటికీ ఆ వంశం పేరుతోనే కోర్కా ఘివ్నా అంటారు. రాయి మీద చదివిన పేరు నేలకింకా ఉంది. ఆ గాలిలో ఫోన్ స్టాండ్ నిలవలేదు, ఫోటోలు గొప్పగా రాలేదు, అయినా ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాయి ఇదే.

ఇదే ద్వీపకల్పంలో కిల్మల్కెడర్ చర్చి ఆవరణలో ఉన్నది మరో రకం. 12వ శతాబ్దపు రోమనెస్క్ శైలి చర్చి, పక్కనే తలలో రంధ్రం ఉన్న సన్నటి ఓగమ్ రాయి. ఇక్కడ నా 1-1-5-5 పద్ధతి పనిచేయదు, ఎందుకంటే ఎడమవైపు గీతలు నాలుగే, అంటే మక్వి కాదు, మకి. అరిగిపోయిందేమో అనుకుంటాం గానీ లేదు, ఇది తర్వాతి కాలపు రాయి, అప్పటికి క్వ శబ్దం మాటల్లోంచే జారిపోయి క అయింది. తండ్రి పేరు కూడా పాత రాళ్లలో బ్రొకగ్ని అని ఉండేది ఇక్కడ బ్రొకన్ అయింది. ఇప్పటి ఐరిష్ ఇంటిపేర్లలో కనిపించే మాక్ దీని మనవడే. ఒక భాష మారడాన్ని ఇలా వేలితో గీతలు లెక్కపెట్టుకుంటూ చూడటం నాకు కొత్త. మీరు వెళ్తే ముందు డన్‌లో (Dunloe) రాళ్లు చూసి ఆ తర్వాత ఇక్కడికి రండి, తేడా కళ్లకు కడుతుంది.

తర్వాతి పని వాటర్‌ఫర్డ్‌లో. నాక్‌బాయ్ దగ్గర పాడుబడ్డ చర్చిలో ఓగమ్ రాళ్లని తలుపు, కిటికీల లింటెళ్లుగా వాడారు. రాయి అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి చదవడం పక్కకి, కొన్ని గీతలు గోడలోకి దూరి ఉంటాయి, వెలుతురు కింద నుంచి పట్టాలి. అందుకే చేతి టార్చ్ బదులు మెడలో తగిలించుకునే టార్చ్ తీసుకున్నాను, ఫోన్‌కి స్టాండ్ బదులు పొడవాటి కర్ర కూడా. మబ్బు రోజు చూసుకుని బయల్దేరతాను.