గుమ్మం నుంచి బండి దాకా, బండి నుంచి గుమ్మం దాకా

పల్లెల్లో ఉండే వృద్ధులకు, వికలాంగులకు ప్రయాణ సౌకర్యం కల్పించాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట బండి దగ్గర మొదలై బండి దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని సీట్లుండాలి, ఎవరు కొనాలి, ఎవరు నడపాలి అన్నవే అందరి ప్రశ్నలు. అవి అక్కర్లేనివని నేననను. అయితే మంచం మీది మనిషి బండి దాకా ఎలా వస్తాడు, పని ముగిశాక ఎన్నింటికి, ఎవరి సాయంతో ఇల్లు చేరతాడు అన్నవాటికి జవాబు దొరక్కముందే కొన్న బండి ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటుంది.

పల్లె రూట్లలో బస్సు ఎందుకు నిలవదో తెలిసిందే: జనం తక్కువ, దూరాలు ఎక్కువ, ఒకరిని దించి ఖాళీగా తిరిగివచ్చే కిలోమీటర్లకూ డీజిలు కాలుతుంది. ఈ భారాన్ని తగ్గించుకోవడానికి నెదర్లాండ్స్‌లో 1977లో ఊరివాళ్లే స్వచ్ఛందంగా నడుపుకొనే చిన్న బస్సులు మొదలయ్యాయి. అదే పద్ధతి 1985లో జర్మనీలోని హేక్, లేగ్‌డెన్ గ్రామాలకు వచ్చి, ఆ తర్వాత ఇతర ప్రాంతాలకూ పాకింది. ఆ బండ్లలో డ్రైవరు కాక ఎనిమిది మందికే చోటుంటుంది, ఎందుకంటే మామూలు కారు లైసెన్సుతో అక్కడ అంతవరకే నడపనిస్తారు. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నవారు కూడా పెద్ద బస్సు లైసెన్సు అవసరం లేకుండా అప్పుడో పూట ఇప్పుడో పూట స్టీరింగు పట్టగలుగుతున్నది ఆ పరిమితి వల్లనే. మంచి ఏర్పాటే, కానీ వేళకు వచ్చి స్టాపులో నిలబడగలిగినవారికే అది పూర్తిగా అక్కరకు వస్తుంది.

చట్టాలదీ ఇదే తీరు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టాన్ని అనుసరించి, మామూలు బస్సు ఎక్కలేనివారికి ఆ బస్సు నడిపే ప్రభుత్వ సంస్థే ప్రత్యేక వాహనం సమకూర్చాలి. కానీ ఆ బాధ్యత నిర్ణీత బస్సు మార్గానికి ఇరువైపులా ముప్పాతిక మైలు, అంటే సుమారు 1.2 కిలోమీటర్ల వరకే తప్పనిసరి. అసలు బస్సు మార్గమే లేని పల్లెలో ఆ ముప్పాతిక మైలును ఎక్కడి నుంచి కొలవాలి? 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఈ విషయంలో మెరుగు. దాని తొమ్మిదో అధికరణ రవాణా అందుబాటు గురించి చెబుతూ పట్టణాలతో పాటు గ్రామాలనూ పేరెత్తి ప్రస్తావించింది.

ఇక బండి ఎక్కించడం. చక్రాల కుర్చీని లోపలికి తోసి బ్రేకు వేస్తే సరిపోతుందనుకునే డ్రైవర్లు చాలామంది ఉన్నారు. కుర్చీని బండి నడిచే దిశకు ముఖంగా నిలిపి, ముందు రెండు, వెనుక రెండు పట్టీలను దాని గట్టి చట్రానికే తగిలించి బిగించాలి. చక్రానికో, ఊడివచ్చే పాదాల పలకకో తగిలిస్తే గట్టి బ్రేకు పడినప్పుడు పట్టు నిలవదు. ఆ తర్వాత మనిషికి వేరుగా బెల్టు పెట్టాలి, అది పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా పోవాలి. ఇదంతా తొందరపడితే కుదిరే పని కాదు. మనిషిని ఎక్కించడానికి పట్టే ఈ సమయాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాసిన టైంటేబులు మొదటి ఇంటి దగ్గరే తప్పుతుంది, ఆ ఆలస్యం దారిపొడవునా ఎదురుచూసేవారందరి మీదా పడుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది తిరుగు ప్రయాణం. డయాలిసిస్ సంగతే చూడండి: సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. వెళ్లే వేళ స్థిరంగా ఉంటుంది గానీ వచ్చే వేళ ఉండదు. రక్తపోటు పడిపోయినా, సూది తీసిన చోట రక్తం త్వరగా ఆగకపోయినా మంచం దిగడం ఆలస్యమవుతుంది. ఈలోగా డ్రైవరు మరొకరి కోసం వెళ్లిపోతే, నిలబడే ఓపిక కూడా లేని మనిషి వరండా బెంచీ మీద మిగిలిపోతాడు. బుకింగు యాప్‌లకు ఇది పట్టదు. ఆసుపత్రికీ డ్రైవరుకీ మధ్య ఫోన్‌లో మాట్లాడి, వరుసను అప్పటికప్పుడు మార్చగల మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలన్న మాట మాత్రం బడ్జెట్లో చివరన వస్తుంది, మొదట ఎగిరిపోయేదీ అదే.

మరో మాట కూడా చెప్పాలి. ఇలాంటి సేవలను ఆసుపత్రి పనికి మాత్రమే పరిమితం చేయడం నాకు సబబుగా తోచదు. చుట్టపుచూపుకో, చావు పలకరింపుకో, ఊరికే నలుగురిలో కూర్చోవడానికో వెళ్లాలనుకునే మనిషి అందుకు కారణం చూపించి అనుమతి తెచ్చుకోవాలా? డబ్బు చాలనప్పుడు వైద్యానికి ముందు వరుస ఇవ్వడం న్యాయమే. అయితే ఆ పేరుతో మిగిలిన ప్రయాణాలకు తలుపు మూయనక్కర్లేదు, వాటికోసం వారంలో ఒక పూటయినా విడిగా ఉంచవచ్చు.

బండి కొనక ముందే పైసా ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. ఒకే దిక్కు పల్లెల నుంచి వచ్చే రోగులకు వీలైనంతవరకు ఒకే రోజు, ఒకే షిఫ్టు ఇమ్మని ఆసుపత్రిని అడగాలి. చిరునామాలు చూసి వేళలు వేస్తే నాలుగు బండ్లు తిరగాల్సిన చోట ఒకటి సరిపోవచ్చు, ఆ మిగులుతో బండిలో డ్రైవరు పక్కన ఒక సహాయకుణ్ణి పెట్టుకోవచ్చు.